ఎవరికీ చెప్పని వైన్

మా ఊళ్ళో ఆదివారం ఎక్కడికెళ్ళి తాగాలో తెలియనివాళ్ళు ముగ్గురిలో ఒకరిని అడుగుతారు. దగ్గుమందు కొనుక్కోవడానికి వెళ్ళినవాళ్ళు ఎల్దాని అడుగుతారు. జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళినవాళ్ళు లివియోని అడుగుతారు. ఒంట్లో బాగుండి, జుట్టు కూడా ఊడిపోయినవాళ్ళు రేవు బెంచీ మీద కూర్చునే దుషాన్‌ని అడుగుతారు. దుషాన్ బస్సు నడిపి రిటైరైన మనిషి. వైన్ పేరుతో పాటు ఏ మలుపు తిరగాలో, బండి ఎక్కడ ఆపుకోవాలో కూడా చెప్పి పంపిస్తాడు.

ముగ్గురిలో ఎవరూ వైన్ గురించి చదువుకున్నవాళ్ళు కారు. రుచి అంటే ప్రాణం పెట్టేవాళ్ళు, అంతే. అయినా మా త్రియెస్తె ఊళ్ళో వాళ్ళ మాటకి తిరుగులేదు. ఎల్దా తన మందుల షాపులో తెల్లకోటు వేసుకుని, "ఈ మాత్ర రోజుకి రెండుసార్లు, తిన్నాక. ఆదివారం మటుకు కొండ మీద మిర్కో వాళ్ళింట్లో ఎర్ర వైన్ ఒక గ్లాసు, తినే ముందు," అని రెండూ ఒకే గొంతుతో చెబుతుంది. జనం రెండూ పాటిస్తారు.

ఊరికి పైన కొండంతా తెల్లరాయి. ఆ రాళ్ళ మధ్యే ద్రాక్షతోటలు. తోట ఉన్న ప్రతి ఇల్లూ ఏడాదిలో కొన్నాళ్ళు వాకిలి తెరిచి, రోడ్డు మలుపులో ఒక పచ్చని తీగకొమ్మ కడుతుంది. కొమ్మ ఉన్నన్నాళ్ళూ ఎవరైనా తిన్నగా పెరట్లోకి వెళ్ళి కూర్చుని, ఆ ఇంటి వైన్ తాగి, ఆ ఇంటి గుడ్లూ చీజూ ఎండబెట్టిన పంది మాంసమూ తిని రావచ్చు. కొమ్మ దించారంటే అది మళ్ళీ మామూలు ఇల్లే. వెళితే కుక్క మొరుగుతుంది.

నా పేరు నేవెంకా. నేవా అని పిలుస్తారు. బడిపిల్లల వ్యాను నడుపుతాను. ఆ ముగ్గురికీ స్నేహితురాలిని, అంతకంటే ముఖ్యంగా డ్రైవర్ని. తాగినవాళ్ళు బండి నడపకూడదు, వాళ్ళు తాగకుండా ఉండరు, అందుకని దేవుడు నన్ను పుట్టించాడు. ఏ పెరట్లో కూర్చున్నా నాది ఒక్క గుక్క. దాన్ని నోట్లోనే ఉంచుకుని, కళ్ళు సగం మూసుకుని, మిగతావాళ్ళ మాటలు వింటూ కూర్చుంటాను. తాగేవాళ్ళ పక్కన కూర్చుంటే తాగనివాళ్ళకి కూడా మత్తెక్కుతుంది. కాకపోతే ఆలస్యంగా ఎక్కుతుంది, ఆలస్యంగా దిగుతుంది.

సోమవారాలు సెలూనుకి సెలవు. ఆ మధ్యాహ్నం లివియో షట్టరు సగానికి దించి ఉంచేవాడు. మేం నలుగురం వంగి లోపలికి దూరి, క్షవరం కుర్చీల్లో కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. ఎవరి సీసా వాళ్ళు పాత సాక్సులో దూర్చి తెచ్చేవారు, పేరు కనబడకుండా. తాగినవాళ్ళు ఏ కొండో, ఏ ఇల్లో చెప్పాలి. షట్టరు కింద నుంచి వెలుతురు నేల మీద పాకుతూ వచ్చి అద్దాల్లోకి ఎక్కేది. గ్లాసులు రెట్టింపయ్యేవి. బయట ఎవరి చెప్పులో వెళుతూ కనిపించేవి, మనుషులు కనిపించేవారు కాదు. ఆ సోమవారాల్లో కొన్ని నిజంగా జరిగాయో, నేను కుర్చీలో కునికిపాట్లు పడుతూ కన్న కలలేనో ఇప్పుడు చెప్పలేను.

మాకు ఒకే ఒక్క కట్టుబాటు. మంచి వైన్ ఎక్కడ కనబడినా ముందు మన నలుగురికీ చెప్పాలి, తరవాత ఊరికి చెప్పాలి. మన మధ్య దాపరికం ఉండకూడదు. గ్లాసులు తగిలించి మరీ ప్రమాణం చేశారు. నేనే సాక్షిని.

ముగ్గురూ తప్పారు.

ముందు దుషాన్ వచ్చాడు. "నేవా, శుక్రవారం ఖాళీయేనా? నన్ను కొండ మీదికి ఒక చోటికి తీసుకెళ్ళాలి. వాళ్ళిద్దరికీ చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?"

"ఎల్దాకి తెలిస్తే దగ్గుమందుతో పాటు దాన్నీ ఇచ్చి పంపిస్తుంది. నా మీద ఒట్టు, చెప్పకు."

ఒట్టు వేశాను. వాడు చెప్పినట్టే పెద్ద రోడ్డు వదిలి, రెండు రాతిగోడల మధ్య బండి అద్దాలు మడుచుకుని వెళ్ళవలసిన సందులోకి తిరిగాం. చివర ఒక ఇల్లు, అక్రోటు చెట్టు, రాతి బల్ల. ఎనభైకి దగ్గరపడిన ఒక ముసలామె ఏమీ అడగకుండా కూజా తెచ్చి పెట్టింది. ఆమె సవీనా అత్త.

కొన్నాళ్ళకి ఎల్దా ఫోను చేసింది. "బుధవారం మధ్యాహ్నం షాపు మూస్తాను కదా, ఒక చోటికి వెళ్దామా? లివియోకి మాత్రం తెలియకూడదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు." రాతిగోడల మధ్య సందులోకి తిరగమన్నప్పుడు నేను స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాను. "దేనికి నవ్వుతున్నావు?" అంది. తుమ్మొచ్చిందన్నాను.

లివియో ఆఖరివాడు. మంగళవారం పొద్దున్నే, షాపు తెరవకముందు వెళ్ళాలన్నాడు. "దుషాన్‌కి చెప్పకు నేవా. తెలిస్తే ఆ ఇంటికి బస్సు రూటు వేయిస్తాడు." ఈసారి నవ్వు రాలేదు. బండి దానంతటదే ఆ సందులోకి తిరిగినట్టు తిరిగింది.

వాళ్ళు లోభులని తీసిపారెయ్యకండి. అంతకుముందు రెండు కొండల అవతల ఒక ఇంటి వైన్‌ని ఈ ముగ్గురూ కలిసి నెత్తిన పెట్టుకున్నారు. ఊరంతా అక్కడికే ఎగబడింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలు, గేటు దగ్గర వరస, సీసాలో నీళ్ళలాంటి వైన్. "మనమే చంపేశాం," అనేవాడు దుషాన్, ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా. అప్పటి నుంచి ముగ్గురికీ భయం పట్టుకుంది. నిజంగా నచ్చింది ఏదైనా నోరు తెరిచి చెబితే పోతుందని.

సవీనా అత్త వైన్ వాళ్ళకి నిజంగా నచ్చింది. తెల్ల వైనే, కానీ రంగు పల్చని తేనె. వాన వెలిసిన రాయి వాసన, ఎండిన చామంతి వాసన, చివర్న నాలిక మీద రవ్వంత ఉప్పు. ఆ పెరట్లో గడియారం లేదు. అక్రోటు నీడ బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడం ఒక్కటే కాలం. దూరంగా కింద సముద్రం ఉండీ లేనట్టు ఉండేది. దుషాన్ అక్కడికి రాగానే బూట్లు విప్పి, రాయి మీద పాదాలు పెట్టి కళ్ళు మూసుకునేవాడు. లివియో లోగొంతుతో పాడేవాడు, వాడు పాడతాడని వాడి పెళ్ళానికి కూడా తెలియదు. రుమాలు పరిస్తే గానీ కుర్చీలో కూర్చోని ఎల్దా, బల్ల మీద తలపెట్టి నోరు తెరుచుకుని నిద్రపోయేది. ఆమె జుట్టులో రాలిన ఆకులు సవీనా అత్త మెల్లగా తీసేది.

మా ఆయన చనిపోయిన ఏడాది నేను ఏడుపు వచ్చినప్పుడల్లా, కొమ్మ ఉన్నా లేకపోయినా, వెళ్ళిన చోటు కూడా అదే. ఇంట్లో ఏడిస్తే పక్కింటివాళ్ళు వస్తారు. ఇక్కడ సవీనా అత్త ఒక ఉడికించిన గుడ్డు తెచ్చి, పక్కన చిటికెడు ఉప్పు పెట్టి, తన పనికి తాను వెళ్ళిపోయేది. ఆ పెరడంటే నాకు ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది.

వెళ్ళేటప్పుడు ముగ్గురిదీ ఒకటే మాట, వేరువేరు రోజుల్లో. మూతి తుడుచుకుని, గొంతు తగ్గించి, "అత్తా, నేనిక్కడికి వస్తున్నట్టు ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా నా స్నేహితులకి." సవీనా అత్త తల ఊపేది. ఒకసారి దుషాన్ వదిలేసి వెళ్ళిన కళ్ళజోడు బల్ల మీద ఉండగా ఎల్దా వచ్చింది. అత్త దాన్ని తీసి తన ముక్కుకి పెట్టుకుని కూజా నింపడానికి వెళ్ళిపోయింది. గడప తట్టుకుని పడబోయింది కూడా.

ఈ ఏడాది శరదృతువులో ఆమె కొమ్మ కట్టిన రోజుల్లో ఒకనాడు నేనొక్కదాన్నే వెళ్ళాను. కొండ మీద పొదలన్నీ ఎర్రబడ్డాయి. గాలి లేదు. సవీనా అత్త తోట గోడ మీద కూర్చుని ఉంది.

"కోతలయ్యాక మార్టిన్ పండుగ వెళ్ళగానే మా మేనల్లుడు ట్రాక్టరు తెస్తానన్నాడు పిల్లా," అంది. "తీగలు పీకించేస్తున్నా."

నాకు వెంటనే అర్థం కాలేదు. "పీకించి?"

"గుర్రాలు పెడతాడట. పట్నం పిల్లలు ఎక్కి తిరుగుతారట. మంచిదేగా, పిల్లలు వస్తారు."

"అత్తా, ఇవి మీ అమ్మ వేసిన తీగలు."

"అవును. గునపంతో రాయి పగలగొట్టి, గంపతో మట్టి మోసి వేసింది. నాకు తెలుసులే." లేచి నన్ను నేలమాళిగలోకి తీసుకెళ్ళింది. గడ్డి చుట్టిన పెద్ద గాజు జాడీలు వరసగా, ఒక్కటి కూడా ఖాళీ లేకుండా. "పోయినేటిది ఇలాగే ఉంది. కొత్తది ఎత్తడానికి జాడీ లేదు. తాగేవాళ్ళు లేని వైన్ చేసి ఏం చేసుకోను? పై వారం ఆదివారం కొమ్మ దించేస్తా. మళ్ళీ కట్టను."

ఆ చల్లటి చీకట్లో ఆ వాసన మధ్య నిలబడి జాడీలు లెక్కపెట్టాను. ఊరికి ఊరే ఎక్కడ తాగాలో వీళ్ళని అడుగుతోంది. వీళ్ళేమో ఈ ఒక్క చోటు తప్ప అన్నీ చెబుతున్నారు. ఇంత ప్రేమించి, నోరు కట్టేసుకుని, ముగ్గురూ కలిసి ఆవిడ కొంప ముంచారు. వాళ్ళ మీద మండుకొచ్చింది. వేసిన ఒట్లు ఒట్లే, కానీ ఒట్టు గట్టు మీద పెట్టడం కూడా నాకు వచ్చు.

అందరికీ ఫోను చేసి చెప్పాను. "ఈ సోమవారం ఏ సీసా తేవాలో నేను చెబుతున్నా. జన్మకి ఇంకొక్క సీసా మాత్రమే తాగే రాత ఉంటే ఏది తాగుతారో, అది తెండి. అబద్ధం ఆడితే వచ్చే ఏడాదంతా బస్సెక్కి వెళ్ళండి."

సోమవారం మూడు సాక్సులు వచ్చాయి. దుషాన్‌ది నల్లది, ఎల్దాది తెల్లది, లివియోది గళ్ళది. దువ్వెనలు పక్కకి జరిపి అద్దం ముందు వరసగా పెట్టారు. నేను ఒక్కోదాంట్లో ఒక్కో గుక్క తాగాను. ఒక్క గుక్క మనిషిని, నాకే తెలిసిపోయింది. వాళ్ళకి తెలియలేదు. ఆ ఇల్లు తనకొక్కడికే తెలుసనే నమ్మకం ఎంత గట్టిదంటే, నాలిక చెప్పినా చెవిన పెట్టలేదు.

లివియో తెల్ల సాక్సుది తాగి, చాలాసేపు పైకప్పు వైపు చూసి, "అందం ఉంది ఎల్దా, కాదనను. కానీ కూర్చుని మాట్లాడే రకం కాదు. ఇలా వచ్చి అలా వెళ్ళిపోతుంది," అన్నాడు.

"నీది కూర్చుంటుంది లేవయ్యా, హెయిరాయిల్ రాసుకుని," అంది ఎల్దా.

"అది షాపు వాసన."

"షాపు వాసనైతే నల్ల సాక్సులో ఎందుకు లేదు? నల్లదాంట్లో ఉప్పు ఒక రవ్వ ఎక్కువైంది. సముద్రం ఒడ్డు తోట అయ్యుండాలి. అవునా దుషాన్?"

దుషాన్ జాలిగా నవ్వాడు. "మీ రెండూ తాగదగ్గవే. ఎవరి మనసూ కష్టపెట్టను. కానీ నాది తాగాక వాటిని నోట్లో పెట్టుకోలేకపోతున్నా. ఎక్కడిదో చెప్పలేను, మన్నించండి. చనిపోయేముందు చెబుతా."

"నేనూ చెప్పను," అంది ఎల్దా.

"నేను మాత్రం చెబుతాననుకున్నారా?" అన్నాడు లివియో.

వెలుతురు అద్దాల దాకా ఎక్కింది. మూడు గ్లాసుల్లోనూ ఒకే తేనెరంగు వెలుగుతోంది. నేను లేచి మూడు సాక్సులూ లాగేశాను. మూడు సీసాల మెడకీ ఒకే నీలం ఉన్నిదారం, సవీనా అత్త కట్టే ముడి. ముగ్గురి ముఖాలు అద్దంలో ఆరయ్యాయి, ఆరూ ఎర్రబడ్డాయి.

"నీకు తెలుసా?" అని దుషాన్ నన్నే అడిగాడు చివరికి.

"నేనే కదా తీసుకెళ్ళింది. శుక్రవారం నువ్వు, బుధవారం ఈవిడ, మంగళవారం వీడు. ముగ్గురూ నాచేత ఒట్టు వేయించుకున్నారు."

"నాది సీసాలో ఎక్కువ రోజులు ఉంది, అందుకే ఆ వాసన..." అని మొదలుపెట్టాడు లివియో.

"నోరు ముయ్యి," అంది ఎల్దా.

అప్పుడు ట్రాక్టరు సంగతి, గుర్రాల సంగతి, నిండుగా ఉన్న జాడీల సంగతి చెప్పాను. ఆదివారంతో కొమ్మ దిగిపోతుందని చెప్పాను. ఎల్దా గ్లాసు కింద పెట్టేసింది. "అయితే చెప్పాలి. ఊరందరికీ చెప్పాలి. రేపే."

"చెబితే ఏమవుతుందో తెలుసుగా," అన్నాడు దుషాన్. "ప్లాస్టిక్ కుర్చీలు. వరస. ఆ చెట్టు కింద మళ్ళీ కూర్చోగలమా మనం?"

"తీగలు పీకేస్తే కూర్చోగలవా?"

"అప్పుడు కనీసం అది ఉన్నట్టే గుర్తుంటుంది. పాడైనట్టు గుర్తుండదు." వాడు బూట్ల వైపు చూస్తూ అన్నాడు ఆ మాట. "నేను చెప్పలేను. నా వల్ల కాదు." వంగి షట్టరు కింద నుంచి బయటికి వెళ్ళిపోయాడు. వాడి బూట్ల చప్పుడు చాలాసేపు వినబడింది.

చెప్పడం ఎంత కష్టమో ఆ వారం చూశాను. మంగళవారం లివియో ఎందరి తలలు పట్టుకున్నాడో గానీ, నోటి దాకా వచ్చిన మాటని ప్రతిసారీ కత్తెర చప్పుడులో కలిపేశాడట. బుధవారానికి ఒక పెళ్ళికొడుక్కి చెప్పాడు. చెప్పాక వాడి చెవి పక్కన రెండుసార్లు తప్పు కత్తిరించాడు. ఎల్దా ఫోను చేసి, "ఒక ఆస్తమా ఆయనకి చెప్పాను," అంది. "చెప్పి, లోపలికెళ్ళి మందుల పెట్టెల మధ్య కూర్చున్నా. నా వస్తువేదో ఎవరికో ఇచ్చేసినట్టుంది నేవా." కానీ ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. మోకాలినొప్పికి సవీనా, నిద్ర పట్టకపోతే సవీనా. దుషాన్ మాత్రం రేవు బెంచీ మీద కూర్చుని, అడిగినవాళ్ళకి ఇంకెక్కడో చెప్పి పంపాడు.

ఆదివారం మాతో వస్తాడనుకోలేదు. మధ్యాహ్నం నా బండి దగ్గర నిలబడి ఉన్నాడు, చొక్కా మార్చుకుని. "ఆఖరిసారి చూడాలిగా," అని వెనక సీట్లో ఎక్కాడు.

సముద్రం మీద నుంచి పొగమంచు కొండ సగం దాకా వచ్చి ఆగింది. ఊరు లేదు, రేవు లేదు. తెల్లగోడలూ, ఎర్రపొదలూ, మేమూ. రాతిగోడల మధ్య సందులోకి తిరిగి పెరట్లో దిగితే ఒక్క మనిషి లేడు. లివియో నా వైపు చూశాడు. ఊరంతా చెబితే కాకి కూడా రాలేదు.

సవీనా అత్త గడపలోకి వచ్చి, ముగ్గురూ ఒకే బండిలో దిగడం చూసింది. ఆమె ముఖంలో రంగు పోయింది. ఏప్రాను సర్దుకుని, ఎప్పుడూ లేని పెద్ద గొంతుతో, "రండి, రండి. మొదటిసారా మా ఇంటికి?" అని ఎల్దాని అడిగింది.

ఎల్దా అవునన్నట్టు తల ఊపింది.

"మీది ఏ ఊరండీ?" అని లివియోని అడిగింది.

"త్రియెస్తె," అన్నాడు వాడు, బడిలో నిలబెట్టిన పిల్లాడిలా.

"మీరు తెలుపు తాగుతారా, ఎరుపా?" అని దుషాన్‌ని అడిగింది. వాడు కూర్చోగానే బూట్లు విప్పే రాయి ఎదురుగానే ఉంది. వాడు విప్పలేదు. "తెలుపండీ," అన్నాడు చిన్న గొంతుతో.

కూజా తెచ్చి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా గ్లాసులు నింపింది. ముగ్గురి గుట్టూ ముగ్గురి ముందూ కాపాడుతోంది పాపం. కాస్త వైన్ బల్ల మీద ఒలికింది. ఇక లివియో తట్టుకోలేకపోయాడు.

"అత్తా, చాలు. మాకందరికీ తెలిసిపోయింది. ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి."

ఆమె కూజా పట్టుకునే బల్ల చివర కూర్చుంది. "తెలిసిపోయిందా? నా వల్ల మాత్రం కాదయ్యా. నేనెవరికీ చెప్పలేదు."

"తెలుసత్తా. అయినా ఇన్నాళ్ళూ ఒక్క మాట ఎందుకనలేదు నువ్వు? తాగేవాళ్ళు లేరని, పీకించేస్తానని మాతో అనకూడదా?"

సవీనా అత్త ఒలికిన వైన్‌ని వేలితో బల్ల మీద గీతలా లాగింది. "మీరు పెద్దపెద్ద వైన్లు తాగేవాళ్ళు. ఊరంతా మిమ్మల్నే అడుగుతుందని నేవా చెప్పింది. అలాంటివాళ్ళు నా దగ్గరికి వచ్చి తాగి, మూతి తుడుచుకుని, ఎవరికీ చెప్పకు అనేవారు. చెప్పుకోవడానికి సిగ్గుపడే తాగుడు కొంతమందికి ఉంటుందిలే అనుకున్నా. ఒకరంటే సరే. ముగ్గురూ అన్నారు. మా అమ్మ వైన్ మీద నాకు చిన్నప్పటి నుంచి గర్వం. కానీ రుచి తెలిసినవాళ్ళే సిగ్గుపడ్డాక ఇంకా ఎందుకు, పిల్లలకి గుర్రాలు నయం కదా అనిపించింది."

చెట్టు మీద నుంచి ఒక కాయ రాలి బల్ల మీద పడి దొర్లింది, ఎవరూ దాన్ని ఆపలేదు. దుషాన్ తన గ్లాసు ముట్టుకోనైనా లేదు. లేచి, నిండు గ్లాసు అలాగే వదిలేసి, గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఆయనకి కోపం వచ్చిందా?" అంది అత్త.

"సిగ్గు కాదత్తా," అంది ఎల్దా. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "పిసినారితనం. నువ్వు నాకొక్కదానికే కావాలనిపించింది. నీ వైన్ కంటే మంచిది నేనెక్కడా తాగలేదు."

సవీనా అత్త ఆమె చెయ్యి తట్టింది. నమ్మలేదని చూస్తేనే తెలుస్తోంది. ఏడ్చే మనిషిని ఓదార్చడానికి తట్టినట్టు తట్టింది, అంతే.

పొగమంచు గోడల మీదికి ఎక్కి పెరట్లోకి తొంగి చూసింది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. తరవాత సందులో ఒక బండి చప్పుడు, దాని వెనక ఇంకొకటి. మంచులోంచి ఒక లావుపాటి ఆయన, భార్య, అత్తగారు దిగారు. ఎల్దాని చూసి, "నమస్కారమండీ, మీరు చెప్పిన ఇల్లు ఇదేనా?" అన్నాడు. ఆస్తమా ఆయన. "దొరక్క రెండుసార్లు నేరుగా వెళ్ళిపోయాం. మలుపులో కొమ్మ కనబడదు కదండీ ఈ మంచులో. ఇప్పుడెవరో ముసలాయన నడిరోడ్డు మీద చెయ్యెత్తి నిలబడ్డాడు. ఎడమకి తిరిగేదాకా కదలనివ్వడం లేదు."

"మమ్మల్ని ఇంకో ఇంటికి వెళ్తుంటే ఆపేశాడు," అంది వెనక దిగిన అమ్మాయి. "టికెట్లు అడుగుతాడేమో అనుకున్నా."

లివియో పగలబడి నవ్వాడు. అత్తకి నేను చెప్పాను ఆ ముసలాయన ఎవరో. ఆమె కూజా తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం బండ్లు వస్తూనే ఉన్నాయి. పెళ్ళికొడుకు వచ్చాడు, చెవి పక్కన ఎగుడుదిగుడు జుట్టుతో. మోకాలినొప్పులవాళ్ళు వచ్చారు, నిద్ర పట్టనివాళ్ళు వచ్చారు. బల్ల నిండి గోడ మీద కూర్చున్నారు, గోడ నిండి గడ్డిలో కూర్చున్నారు. ఎల్దా గుడ్లు ఒలిచింది, లివియో కూజాలు మోశాడు. ఇద్దరికీ గ్లాసు పట్టుకునే తీరిక లేదు. మంచులో మనుషులు మాటలుగా మాత్రమే ఉన్నారు. నవ్వు ఎటు నుంచో వచ్చేది, పాట ఎటో వెళ్ళిపోయేది. నేను గడప మీద కూర్చుని అన్నీ వింటున్నాను, నా ఒక్క గుక్క నోట్లోనే ఉంది.

ఎవరో తెలియని ఒకావిడ గ్లాసు పైకెత్తి చూసి, "ఇంత మంచిది పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా?" అని అత్తని అడిగింది.

"ఇక్కడేనమ్మా," అంది సవీనా అత్త. "ఎక్కడికీ వెళ్ళలేదు." లోపలికి వచ్చి, ఎవరూ చూడడం లేదనుకుని, ఏప్రానుతో ముఖం కప్పుకుని కాసేపు నిలబడింది. నేను చూశాను. మళ్ళీ బయటికి వెళ్ళేటప్పుడు ఆమె నడక మారింది. బల్లబల్లకీ ఆగి, ఇది మా అమ్మ వేసిన తోట, ఇదిగో ఈ రాయి తవ్విన గునపం ఇంకా ఇంట్లోనే ఉంది అని చెప్పడం మొదలుపెట్టింది. అడగనివాళ్ళకి కూడా చెప్పింది.

సందె వాలే వేళకి జనం పలచబడ్డారు. సీసాలు చంకన పెట్టుకుని ఒక్కొక్కరే మంచులోకి వెళ్ళిపోయారు. ఆఖరి జాడీని లివియో గోడ మీద బోర్లించాడు, చివరి చుక్కలు కారిపోవడానికి. అప్పుడు వచ్చాడు దుషాన్. బూట్ల నిండా దుమ్ము, ఎత్తి ఎత్తి చెయ్యి పడిపోయి పక్కకి వేలాడుతోంది. తన చోటులో కూలబడి, బల్ల మీద వెతికాడు.

"నా గ్లాసేదీ?"

"ఎవరికో ఇచ్చేశానయ్యా," అంది సవీనా అత్త. "నువ్వు లేచి వెళ్ళిపోయావుగా."

"ఇంకొకటి పొయ్యి."

"లేదు."

"ఒక్క చుక్క అత్తా. మధ్యాహ్నం నుంచి నిలబడ్డా."

"ఎక్కడిది చుక్క? వాళ్ళిద్దరికీ కూడా లేదు. జాడీలన్నీ కడిగి పెట్టుకోవాలి నేను." బల్ల మీది గుడ్డుపెంకులు అరచేతిలోకి ఊడ్చుకుంటూ అంది. "వచ్చే ఏడాది కాస్త పెందలాడే రా. ఇలా ఆలస్యంగా వస్తే చోటు కూడా దొరకదు."

గ్లాసులు కడుగుతున్న ఎల్దా చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. లివియో గోడ దగ్గర జాడీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ట్రాక్టరు గురించి ఎవరూ అడగలేదు. దుషాన్ వంగి మెల్లగా బూట్లు విప్పుకుని, పాదాలు రాయి మీద పెట్టాడు.

"వస్తానత్తా," అన్నాడు. "వరసలో నిలబడతా."